రెండు కంపెనీల డైరెక్టరు గారు

కొత్తగా నల్లకోటు కుట్టించుకున్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా, "కంపెనీ కేసుల్లో క్లయింటు రహస్యాన్ని ఎలా కాపాడాలి మేడమ్?" అని అడుగుతుంటారు. సెక్షన్లన్నీ వాళ్ళకి నోటికి వచ్చు. సాక్ష్య చట్టంలో నూట ఇరవై ఆరు అనగానే గడగడా అప్పజెప్పేస్తారు. క్లయింటు చెప్పిన మాట, క్లయింటు ఒప్పుకుంటే తప్ప, లాయరు బయటపెట్టకూడదు. బాగుంది. కానీ క్లయింటు మనిషి కాకుండా కంపెనీ అయినప్పుడు ఆ మాట చెప్పింది ఎవరు, విన్నది ఎవరు, ఆ రహస్యం అసలు ఎవరిది అన్నది పుస్తకం చదివితే తెలిసే సంగతి కాదు. నాకు తెలిసేలా చేసింది ఒక పెద్దాయన. ఆయన లా చదవలేదు సరికదా, అప్పటిదాకా జీవితంలో ఒక్క రహస్యాన్నీ దాచిన పాపాన పోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఏలూరులో నా ఆఫీసు. కంపెనీ కేసులు చూసే ఆడ లాయరు ఊళ్ళో ఇంకెవరూ లేకపోవడంతో జనం నన్ను వింతగా చూసేవాళ్ళు, కానీ కేసులు మాత్రం ఇచ్చేవాళ్ళు. మా వైపు కంపెనీ అంటే ఏమనుకుంటున్నారు? బావ ఛైర్మను, బావమరిది డైరెక్టరు, పిన్నత్తగారు ఇంకో డైరెక్టరు. సలహా కోసం లాయరు దగ్గరికి ఒక్కరుగా రారు, సుమో నిండా వస్తారు. ఆ సుమోలో ముందు సీటులో తప్పకుండా ఒక పెద్దమనిషి ఉంటాడు. పెద్దమనిషి అంటే కంపెనీలో ఏ పదవీ, ఏ వాటా లేని మనిషి. గట్టు తగాదా నుంచి పెళ్ళి సంబంధం దాకా ఆయన పక్కన లేకుండా మాట్లాడితే ఆ మాటకి విలువ లేదు. లాయరు దగ్గర మాత్రం ఎందుకు ఉండకూడదు అని వాళ్ళ ఉద్దేశం.

నేను చెప్పబోయే పెద్దాయనది ఉంగుటూరు దగ్గర ఊరు. గంజి పెట్టిన పంచె, భుజాన జరీ కండువా, నా ఆఫీసులో చేతుల కుర్చీ ఒకటే ఉంటే అది ఆయనదే. ఆయన చెవులు మామూలు చెవులు కావు. పక్క గదిలో మా గుమాస్తా ఫోనులో భార్యతో గుసగుసలాడుతుంటే, ఇక్కడ కుర్చీలో కూర్చుని, "పాపకి జ్వరం ఇంకా తగ్గలేదటమ్మా" అని నాకు చెప్పేవారు. విన్నది విన్నట్టు పంచిపెట్టడం కూడా అంతే శ్రద్ధగా చేసేవారు. ఉంగుటూరులో ఆయన చెవిన పడ్డ మాట ప్యాసింజరు రైలెక్కి భీమడోలు చేరేసరికి అక్కడి టీ కొట్టువాడికి వివరాలతో సహా తెలిసిపోయేది.

కేసు ఇది. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు కంపెనీ. కొల్లేటి అంచున ఒక చేపల చెరువుల కంపెనీ. మిల్లు తవుడు చెరువులకి మేతగా వెళ్తుంది. ఒక వానాకాలం చెరువుల్లో చేపలు తెల్లటి పొట్టలతో పైకి తేలాయి. ముక్కిన తవుడు పంపి మా చేపల్ని చంపారని చెరువుల కంపెనీ మా మిల్లు మీద దావా వేసింది. మిల్లు ఛైర్మను చాలా మర్యాదస్తుడు. ఎవరి మెడ మీద కాలు పెట్టాల్సి వచ్చినా "కాస్త పెడతానండి" అని అడిగి మరీ పెట్టే రకం.

మొదటిసారి వచ్చినప్పుడు సుమోలో దిగినవాళ్ళందర్నీ వరండాలో కూర్చోబెట్టి, ఛైర్మన్నీ, లోడింగు చూసే మేస్త్రినీ మాత్రమే లోపలికి రమ్మన్నాను. పెద్దాయన ముగ్గురి కంటే ముందే కుర్చీలో ఉన్నారు.

"పెద్దాయన గారూ, కాస్సేపు బయట కూర్చుంటారాండీ?" అన్నాను.

"పర్లేదమ్మా, ఇక్కడ ఫ్యాను బాగుంది" అన్నారాయన.

ఛైర్మను నావైపు బతిమాలుతున్నట్టు చూశాడు. ఆయన్ని లేపితే ఆ పరగణాలో మిల్లుకి వడ్లు తోలేవాడు ఉండడు. నేను పళ్ళు నూరుకుని ఊరుకున్నాను. మేస్త్రి నడివయసు దాటినవాడు. మిల్లులోనే పుట్టాడేమో అన్నంతగా ఒంటినిండా తవుడు వాసన. ముందే చెప్పాను అతనికి: "మేస్త్రి గారూ, నేను కంపెనీ లాయర్ని. మీ లాయర్ని కాదు. ఆ సంగతి తెలుసుకుని మాట్లాడండి."

"అదేంటండి, మన కంపెనీయే కదండి" అని నవ్వాడు.

ఆ నవ్వుతోనే అంతా చెప్పేశాడు. గొడౌను రేకుల్లోంచి కారి కొన్ని బస్తాలు తడిశాయి. ఆరబెడితే వాసన పోలేదు. ఎక్కించొద్దని పక్కన పెట్టించాడు. "ఛైర్మన్ గారిని అడిగానండి. సర్లే, మధ్యలో కలిపి ఎక్కించెయ్ అన్నారండి. ఎక్కించేశామండి."

ఛైర్మను ఫ్యాను వైపు చూస్తూ, "అన్నాన్లెండి" అన్నాడు. పెద్దాయన కుర్చీలో కళ్ళు మూసుకుని తలూపారు.

ఆ సాయంత్రం ఎదుటి కంపెనీ లాయరు గారి ఇంటి మీదుగా వెళ్తున్నాను. ఆయన మా అందరికీ సీనియరు. గేటు తీసుకుని జరీ కండువా బయటికొచ్చింది.

"మీరేంటండీ ఇక్కడ?"

"ఆ చెరువుల ఛైర్మను కూడా మనవాడే కదమ్మా. తవుడు బేరం కుదిర్చింది నేనేగా. అటూ ఇటూ నేనే పెద్దమనిషిని." ఆ తర్వాత గొంతు తగ్గించి, "వాళ్ళ చెరువుల సంగతి కూడా ఏం బాలేదమ్మా" అని మొదలుపెట్టబోయారు.

నేను రెండు చెవులూ మూసుకున్నాను. ఏలూరు నడిరోడ్డు మీద, నల్లకోటుతో, చెవులు మూసుకుని నిలబడ్డాను. ఎదుటివాళ్ళ రహస్యం నేను వినకూడదు. మా రహస్యం ఈయన అక్కడ చెప్పకూడదు. చెప్పేశారా? మూడో మనిషి ముందు అన్న మాటకి రహస్యమేంటని రేపు కోర్టు అంటే నా దగ్గర జవాబేదీ?

ఒళ్ళు మండిపోయి మర్నాడు సీనియరు గారిని అడిగాను. ఆయన తీరిగ్గా, "మీ ఆఫీసులో కుర్చీ మెత్తగా ఉంటుందట. మా ఇంట్లో చెక్క కుర్చీ వేశామని నిన్న అలిగారమ్మా. అలిగి ఏమీ చెప్పలేదు" అన్నారు. నా కుర్చీ మెత్త నన్ను కాపాడింది. కానీ ఎన్నాళ్ళు?

అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. బ్రహ్మాండమైన ఆలోచన వచ్చిన రోజున లాయరు సెలవు పెట్టి పడుకోవాలి, అది మాత్రం రాసుకోండి. ఆయన మూడో మనిషి కాబట్టే కదా చిక్కు? ఆయన్ని కంపెనీ మనిషిని చేసేస్తే? బోర్డు కూర్చుంది, పెద్దాయన మిల్లు కంపెనీకి డైరెక్టరయ్యారు. ఇక ఇక్కడ విన్నది కంపెనీ రహస్యమనీ, బయట అనకూడదనీ నేనే దగ్గర కూర్చుని పాఠం చెప్పాను. ఆయన పసిపిల్లాడిలా మురిసిపోయి విన్నారు.

వారం తిరక్కుండా సీనియరు గారు కూడా ఆయన్ని చెరువుల కంపెనీకి డైరెక్టర్ని చేసేశారు. ఆ తెలివి నా ఒక్కదానికే ఉందనుకోవడం నా పొరపాటు.

పెద్దాయన బంగారు రంగు అక్షరాలతో కార్డు వేయించుకున్నారు. పేరు కింద "డైరెక్టరు, రెండు కంపెనీలు" అని ఉంది. తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో నిలబడి, "నన్ను ఏదైనా అడగండి గానీ తవుడు సంగతి మాత్రం అడక్కండి, చెప్పకూడదు" అని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పి వచ్చారు. రెండు కంపెనీల బోర్డు మీటింగులకీ వేళకి ముందే హాజరయ్యేవారు. ఆయన ముందు ఏం మాట్లాడాలో తెలియక రెండు బోర్డులూ వానల గురించీ, మామిడి కాపు గురించీ మాట్లాడుకుని లేచిపోయేవి.

చివరికి జడ్జి గారి దగ్గర పట్టుబడ్డాం. మిల్లు సరుకు జప్తు చెయ్యమని చెరువుల కంపెనీ పిటిషను వేసింది, మేం కౌంటరు వేశాం. ఆ రోజు ఛైర్మన్లిద్దరూ ఊళ్ళో లేరు. ఎవరో ఒక డైరెక్టరు సంతకం చాలని ఇటు మా గుమాస్తా, అటు వాళ్ళ గుమాస్తా అఫిడవిట్లు పట్టుకుని బయల్దేరారు. సంతకం పెట్టడమంటే అప్పటికి పెద్దాయనకి మహా సరదా.

జడ్జి గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "తవుడు ముక్కిందని ఈయన ప్రమాణం చేశారు. ముక్కలేదని కూడా ఈయనే ప్రమాణం చేశారు. ఏమ్మా, ఈయన మీద ఈయనే దావా వేసుకున్నారా?"

కోర్టు హాలంతా ఘొల్లుమంది. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. జడ్జి గారు నవ్వలేదు. ఇన్ని తెలిసిన మనిషిని కోర్టు తరఫున తానే విచారిస్తానన్నారు. నేనూ సీనియరు గారూ ఒక్కసారే లేచి, ఆయనకి తెలిసినదంతా మా కంపెనీ రహస్యమంటే మా కంపెనీ రహస్యమని వాదించాం. జీవితంలో మేమిద్దరం ఒకే వైపు వాదించింది ఆ ఒక్కసారే. జడ్జి గారు విని, "సరే. రహస్యం కంపెనీలది. కంపెనీ వద్దంటే నేనడగను, చెప్పనిస్తామంటే అడుగుతాను. వాయిదాకి తేల్చుకు రండి" అన్నారు.

గెలిచాననుకుని ఇంటికొచ్చాను. మర్నాడే ఛైర్మను పెద్దాయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చాడు.

"ఏవండీ మేడమ్, మేం ఒప్పుకుంటున్నామండి. పెద్దాయన చెప్పేస్తారు" అన్నాడు.

"ఏం చెప్పేస్తారు?"

"తడిసిన బస్తాలు తనే ఎక్కించానని మేస్త్రి మీ ముందు ఒప్పుకున్నాడు కదండి. అంతవరకు చెప్తారు. మిల్లు పేరు నిలబడుతుంది. మేస్త్రి మీద పోలీసు కేసు పెట్టేస్తాం."

"ఎక్కించమని మీరన్నారు కదండీ?"

"ఆ ముక్క అక్కర్లేదు కదండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

సగం నిజం చెప్పించడం అబద్ధం చెప్పించడమేనన్నాను. ఉద్యోగి చేసిన పనికి కంపెనీ ఎటూ పూచీ పడాలి, ఇందులో లాభమేమీ లేదన్నాను. వకాలతు వదిలేస్తానన్నాను. ఛైర్మను అన్నీ ఓపిగ్గా విని, "వదిలెయ్యండి మేడమ్, మీ ఇష్టం. కానీ నేనన్న మాట మీరు బయట అనలేరు కదండి. అది మా కంపెనీ రహస్యం కదండి" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. నేను అంత కష్టపడి కట్టిన గోడ అది. దాని లోపల మేస్త్రి ఉన్నాడనుకున్నాను. లేడు. ఆ గోడ కంపెనీది. తలుపు తియ్యాలన్నా మూయాలన్నా కంపెనీ ఇష్టం. బోర్డు ఒక్క తీర్మానం రాస్తే మేస్త్రి మాట రోడ్డు మీద పడుతుంది, ఛైర్మను మాట నా నోట్లోనే ఉండిపోతుంది. ఆ రోజు నాకు నా వృత్తి మీదే అసహ్యం వేసింది.

లేచేముందు పెద్దాయన, "ఆయ్, అలాగే చూద్దాం" అన్నారు.

మేస్త్రికి కబురుపెట్టి, "మీరు వేరే లాయర్ని పెట్టుకోండి. ఎందుకని అడక్కండి" అన్నాను. అంతకంటే చెప్పడానికి లేదు.

"మీరుండగా ఇంకొకరెందుకండి?" అన్నాడు. "మన కేసు మనమే గెలుస్తామండి."

వకాలతు వదిలి వెళ్ళిపోతే ఆ కోర్టు హాల్లో ఆ మనిషి ముఖంలోకి చూసేవాళ్ళు కూడా ఉండరని ఉండిపోయాను. వాయిదా రోజున పొద్దున్నే కోర్టు వరండాలో పెద్దాయన కనిపించారు.

"పెద్దాయన గారూ, నేనేం చెప్పమని అనకూడదు. కానీ బోనులోకి ఎక్కాక సగం చెప్పి సగం మింగకూడదండి."

ఆయన కండువా సర్దుకున్నారు. "సగం చెబితే మేస్త్రి జైలుకి పోతాడు. మొత్తం చెబితే మిల్లు పోతుంది, మేస్త్రితో సహా అందులో బతికేవాళ్ళంతా రోడ్డున పడతారు. మీరేమో నన్ను డైరెక్టర్ని చేసి కూర్చోబెట్టారు" అని, నా జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు.

హాలు కిటకిటలాడిపోతోంది. పెద్దాయన నోరు విప్పుతారని తెలిసి ఉంగుటూరు నుంచీ, తాడేపల్లిగూడెం నుంచీ జనం బస్సుల్లో దిగారు. రెండు కంపెనీలూ తీర్మానాలు దాఖలు చేశాయి. చెరువుల కంపెనీ ఎందుకు ఒప్పుకుందని ఆశ్చర్యపోకండి. అటు కూడా పెద్దాయన నోట్లోంచి సగం సగం తీయించే ఏర్పాటేదో జరిగే ఉంటుంది. వెనక బెంచీలో ఇస్త్రీ చొక్కా వేసుకుని మేస్త్రి కూర్చున్నాడు. నన్ను చూసి ధైర్యం చెబుతున్నట్టు తలూపాడు.

బంట్రోతు పేరు మూడుసార్లు పిలవాలి. మొదటిసారి సగం పలికేసరికే పెద్దాయన బోనులో ఉన్నారు. ప్రమాణం అయింది.

"ఆ రోజు లాయరు గారి ఆఫీసులో మిల్లు మేస్త్రి ఏం చెప్పారు?" అన్నారు జడ్జి గారు.

పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఏవన్నారండి?"

జడ్జి గారు మళ్ళీ అడిగారు.

"కాస్త గట్టిగా సెలవియ్యండి బాబూ. నాకు చెవుడు."

ఛైర్మను నోరు తెరుచుకుని ఉండిపోయాడు. జడ్జి గారు గొంతు పెంచి, "బంట్రోతు పిలవగానే వచ్చారు కదండీ?" అన్నారు.

"పక్కనున్నాయన మోచేత్తో పొడిచాడండి. పొడిస్తే లేచొచ్చాను."

సీనియరు గారు లేచి అరిచారు. "మా ఇంట్లో మాట్లాడుకున్నంతసేపూ అన్నిటికీ తలూపారు కదండీ?"

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊపకపోతే మర్యాద కాదు కదండి. రెండు చోట్లా ఊపాను. ఒక్క ముక్క వినపడలేదు. వినపడదంటే పెద్దమనిషిగా పిలవరని ఇన్నాళ్ళూ దాచుకున్నానండి."

జడ్జి గారు తక్కువవారు కాదు. తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటిస్తూ, ముందు వరసలో ఉన్న మాకే చెవి రిక్కిస్తే గానీ వినపడనంత మెల్లిగా, "పెద్దాయన గారూ, మీ పంచె ఊడిపోతోంది" అన్నారు. ముందు వరసలోవాళ్ళంతా పంచె వైపు చూశారు. పెద్దాయన కదల్లేదు. ఎదురుగా గోడ మీది గడియారాన్ని చూస్తూ నిలబడ్డారు. బోను కర్రని పట్టుకున్న ఆయన వేళ్ళు మాత్రం తెల్లగా పాలిపోవడం నేను చూశాను.

సాక్షికి వినికిడి లేదని రాసుకుని జడ్జి గారు ఆయన్ని దిగమన్నారు. ఆయన దిగలేదు. బంట్రోతు వచ్చి చెయ్యి పట్టుకుని దింపాడు.

బయట ఛైర్మను గబగబా నా దగ్గరికొచ్చాడు. "ఏవండీ మేడమ్, ఆయనకి చెవుడు తగ్గిపోతే ఎలాగండి?"

"తగ్గితే అన్నీ గుర్తొస్తాయి కదండీ. మేస్త్రి మాటా, దాని తర్వాత మీ మాటా" అన్నాను. ఇది చెప్పడానికి నాకు హక్కుంది. క్లయింటుకి సలహా ఇవ్వడం నా పని.

అవతలి ఛైర్మనుకీ అదే భయం పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆయన్ని చెవి డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళొద్దని బతిమాలారట. కొద్ది వాయిదాల్లోనే రాజీ అయిపోయింది. మేస్త్రి జోలికి ఎవరూ వెళ్ళలేదు. అతను నా దగ్గరికి వచ్చి, "మనం గెలిచామండి" అన్నాడు. ఆ తర్వాత జాలిగా, "పాపం, ఆ రోజు నేను అంత వివరంగా చెబితే పెద్దాయనకి వినపడనే లేదటండి" అన్నాడు. అతనికి నిజం చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది కంపెనీ రహస్యం.

కానీ కోర్టులో ప్రమాణం చేసి చెవుడన్న మనిషికి మర్నాడు వినపడటం మొదలైతే అబద్ధపు సాక్ష్యం కింద వస్తుంది. అందుకని పెద్దాయన చెవిటివాడిగానే ఉండిపోయారు. చెవిటి పెద్దమనిషిని తగాదాలకి ఎవరు పిలుస్తారు? సుమోల్లో ముందు సీటు పోయింది. యార్డులో జనం ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవారు. కోడలు ఆయన ఎదురుగానే ఆయన్ని ఆడిపోసుకునేదట, విన్నా విననట్టు అన్నం కలుపుకునేవారట. మాటల మీద బతికిన మనిషి.

కొన్నేళ్ళ తర్వాత భీమడోలు స్టేషనులో కనిపించారు, బెంచీ చివర, ఒక్కరే. అదే బెంచీ మీద ఇద్దరు ఎవరింట్లోదో పెళ్ళి చెడిపోయిన సంగతి రసవత్తరంగా చెప్పుకుంటున్నారు. ఆయన పట్టాల వైపు చూస్తూ కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని నమస్కారం పెట్టాను. ప్రతినమస్కారం చేశారు. ఆ ఇద్దరికీ వినపడకుండా, పెదవులు కదిలీ కదలనట్టు, "మేస్త్రి నిన్న రిటైరయ్యారండి. మిల్లులో అందరూ శాలువా కప్పి, ఇంటిదాకా దిగబెట్టి వచ్చారు" అన్నాను.

ఆయన నావైపు తిరగలేదు.

"గట్టిగా చెప్పమ్మా, వినపడదు" అన్నారు, కండువా చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ.